తాగించడానికి అబ్కారీ, మాన్పించడానికి అంజన్న

కోరుట్ల నుంచి మెట్‌పల్లి వెళ్ళే తోవలో గోడల మీద ఒక ప్రకటనను ఎన్నో ఏళ్ళుగా చూస్తూ వచ్చాను. "తాగుడు మాన్పించబడును. తాగేవారికి తెలియనవసరం లేదు" అని ఎర్రరంగుతో వ్రాసి, కింద ఒక ఫోను నంబరు. ఆ కర్మణి ప్రయోగాన్ని చూసి ఒకప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావడం లేదు. తాగుడు గురించి మన ప్రభుత్వాలకూ, మన సంస్కర్తలకూ, నాబోటి హితబోధకులకూ ఉన్న ఆలోచనంతా ఆ రెండు వాక్యాలలోనే ఇమిడి ఉందని చాలా ఆలస్యంగా అర్థమయింది. మాన్పించేవాడెవడో వేరే ఉంటాడు. తాగేవాడు కేవలం కర్మ. అతణ్ణి అడగనక్కరలేదు, అతనికి తెలియనక్కరలేదు.

ఆ పొడిలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ అనే మందు ఒకటి ఉంది. వైద్యుడు రోగికి విడమరచి చెప్పి, ఒప్పించి, గుండెనూ కాలేయాన్నీ పరీక్షించి ఇవ్వవలసిన మందు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం కందిపోయి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అటువంటిదాన్ని చెప్పకుండా కూరలో కలిపి పెట్టడానికి వైద్యమని పేరు పెట్టలేము. విషప్రయోగానికి అది దగ్గరి చుట్టం.

ఈ మాటలు న్యాయమూర్తి కుర్చీలో కూర్చుని వ్రాయడం లేదు. ముద్దాయిల వరుసలో నేనూ ఉన్నాను. ఎలాగో చెబుతాను.

మా పసుపు తవ్వకాలకు ఒక నాయకపోడు మనిషి వచ్చేవాడు. పేరు వ్రాయను, అతని ఇంటివాళ్ళు ఇంకా ఆ గూడెంలోనే ఉన్నారు. పనిమంతుడు. భార్య బీడీలు చుడుతుంది. పొద్దున్నే ఒక గుక్క పడితే గాని అతని చేతుల వణుకు ఆగేది కాదు. దాన్ని నేను కక్కుర్తి అనుకున్నాను. "తెల్లారకముందే మొదలుపెడతావేమయ్యా" అని పదిమంది ముందు అన్నాను కూడా. అతను సిగ్గుపడి తల దించుకున్నాడు. ఒకనాడు తనే వచ్చి, "సారూ, అంజన్న మాల ఏస్కుంటే మానుతనంటవా?" అని అడిగాడు. మా జగిత్యాల జిల్లాలో కొండగట్టు మహిమ తెలియనివారు ఉండరు. హనుమాన్ జయంతి ముందు కాషాయం కట్టి దీక్ష పట్టేవారు వేలల్లో ఉంటారు, అందులో తాగుడు మానడానికని పట్టేవారూ తక్కువ కాదు. నేను ఎంతో సంతోషించాను. మాలా, బట్టలూ కొనిపెట్టాను. నలభైయొక్క రోజులు గట్టిగా నిలబడితే జన్మలో ముట్టవని ధైర్యం చెప్పాను.

రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. తెల్లవారేసరికి తేరుకున్నాడట, నాకెవరూ చెప్పలేదు. మూడో రోజు ఒళ్ళంతా చెమటలు, గోడల మీద పాములు పాకుతున్నాయని కేకలు. గూడెంలో కొందరు అంజన్న పూనాడన్నారు, కొందరు నియమం తప్పాడన్నారు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి గ్లూకోజు సీసా ఎక్కించి వెళ్ళాడు. నాలుగో నాడు పొద్దున పట్నం తీసుకువస్తుండగా ఆటోలోనే ప్రాణం పోయింది. మెడలో మాల అలాగే ఉంది.

ఏడాది దాటిన తరువాత ఒక వైద్య మిత్రుడు దీన్ని నాకు విప్పి చెప్పాడు. ఏళ్ళ తరబడి మద్యం మెదడును అణచి ఉంచుతుంది, ఆ అణచివేతను తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. ఒక్కసారిగా మద్యం తీసివేస్తే అణచేది పోయి, ఉద్రేకం ఒక్కటే మిగులుతుంది. వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తరువాత మతిభ్రమ. తెల్లవారగానే చేతులు వణికే మనిషి ఒక్కరోజులో మానకూడదు. డయాజిపామ్ వంటి మందును లెక్కప్రకారం ఇచ్చి, కొన్ని రోజులలో తగ్గిస్తూ మాన్పించాలి. థయమిన్ అనే బి1 విటమిను ఇవ్వాలి, అదీ గ్లూకోజుకు ముందే ఇవ్వాలి. లేకపోతే అసలే అడుగంటిన విటమిను ఇంకా అడుగంటి మెదడు దెబ్బతినవచ్చు. ఇందులో ఖరీదైన మందు ఒక్కటీ లేదు, నూరేళ్ళ క్రితం నాటి జబ్బుకు అర్ధశతాబ్దం నాటి వైద్యం. "ఆ వణుకు చూసిన రోజునే ఎవరైనా పోల్చుకుని ఉండవలసింది" అన్నాడు. చూసినవాణ్ణి నేనే. పోల్చుకోకపోగా సంకల్పబలం గురించి ఉపన్యసించాను.

నేనంటే చదువుకున్న మూర్ఖుణ్ణి. పోల్చుకోవడమే పనిగా పెట్టుకున్న వ్యవస్థ ఒకటి ఉంది కదా, దాని సంగతి చూద్దాం. ముప్ఫై ఏళ్ళు నిండిన ప్రతివారి దగ్గరికీ ఆశ కార్యకర్త వచ్చి ఒక పత్రం నింపాలి. దాన్ని సీబ్యాక్ అంటారు. బీపీ, షుగరు, క్యాన్సర్ల ముప్పు ఎవరికి ఎక్కువో ఏరడానికి పెట్టిన పత్రం. వయసెంత, పొగ తాగుతారా, నడుము కొలత ఎంత, ఇలా అడుగుతూ పోయి, రోజూ మద్యం తాగుతారా అని కూడా అడుగుతారు. అవునంటే ఒక మార్కు. మొత్తం నాలుగు మార్కులు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షలకు పిలుస్తారు. పిలిచి బీపీ చూస్తారు, షుగరు చూస్తారు. మద్యం సంగతి ఆ ఒక్క మార్కుతో ముగిసింది. ఎంత తాగుతావు, పొద్దున్నే తాగుతావా, మానాలని చూశావా, చూస్తే ఏమయింది అని అడిగే గడి అందులో లేదు. వారం కూలి చేతిలో పడిన రోజున స్పృహ తప్పేదాకా తాగి, మిగతా దినాలు ముట్టనివాడు 'రోజూ కాదు' అని నిజమే చెప్పి సున్నా మార్కుతో బయటపడతాడు. ఆశ కార్యకర్తను నేను తప్పుపట్టను, ఆమెకు ఇచ్చిన కాగితం అంతవరకే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక తయారై మూడు దశాబ్దాలు దాటింది. ఎంత తరచుగా, ఎంతెంత, మొదలుపెడితే ఆపలేకపోవడం ఉందా, పొద్దున్నే తాగవలసి వస్తోందా, దెబ్బలు తగిలాయా అనే ప్రశ్నలే. ఎనిమిది మార్కులు వస్తే జాగ్రత్తపడాలి, ఇరవై వస్తే వైద్యుడు చూడవలసిందే. నేను పరువు తీసిన ఆ మనిషిని నర్సమ్మ ఎవరైనా ఆ ఆరో ప్రశ్న, పొద్దుటి గుక్క ప్రశ్న, అడిగి ఉంటే చాలు.

ఇదేదో అరుదైన జబ్బా అంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. దేశం మొత్తంలో పదిహేనేళ్ళు దాటిన మగవారిలో మద్యం తాగేవారు నూటికి 19 మంది. తెలంగాణలో దాదాపు 43 మంది. అరుణాచల్ ప్రదేశ్ ఒక్కటే మనకంటే ముందుంది. ఎయిమ్స్ వారు 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో ఏదో ఒక రకమైన చికిత్స అందినవారు ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరు. ఇది దేశం సగటు. గోదావరికి అటూ ఇటూ ఉన్న గూడేల దాకా ఆ ఒక్కరు వస్తారని అనుకోవడానికి నాకు ఆధారమేమీ కనబడలేదు.

చికిత్స అందించే చేయి ఇంత పొట్టిదైతే అమ్మే చేయి ఎంత పొడుగో చూడాలి. 2025లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచారు. ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 3 లక్షలు. తొంభై అయిదు వేల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్ముడుపోకముందే, కేవలం కాగితాల మీద, ప్రభుత్వానికి 2,800 కోట్ల పైన ముట్టింది. ఆ దుకాణాలలో గౌడులకు 15, దళితులకు 10, గిరిజనులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ అయిదు శాతం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మద్యానికి సంబంధించి ఆదివాసులకు ప్రత్యేకంగా ఏమి చేశారయ్యా అని అడిగితే ప్రభుత్వం చూపగలిగినది దుకాణాల్లో వాటా అన్నమాట. ఆ దరఖాస్తు సొమ్ములో అయిదు శాతం గూడేల ఉపకేంద్రాలలో థయమిన్‌కూ, మనుషులకూ కేటాయించారా అని ఎవరూ అడగరు.

ఇక్కడికి వచ్చేసరికి మిత్రులు ఒకరు తప్పకుండా అందుకుంటారు: "వాళ్ళకు తాగుడు సంస్కృతి కదండీ, మీరేం చేస్తారు?" ఈ మాట ప్రేమగానూ అంటారు, చులకనగానూ అంటారు. ఫలితం మాత్రం ఒకటే, చికిత్స ఇవ్వకపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. ఇప్పసారా గోండుల కొలువుల్లో ఉన్నమాట నిజమే. దేవరకు ఆరబోసి, పెద్దలకు పోసి, తాము పుచ్చుకోవడం ఉంది. 1948 నవంబరులో రాజ్యాంగసభలో మద్యనిషేధం మాట వచ్చినప్పుడు జైపాల్ సింగ్ ముండా లేచి, ఇది ఆదివాసుల మతహక్కులో జోక్యమని నిలదీసింది ఆ సంప్రదాయం తరఫునే. కాని ఆ ఇప్పసారాకు ఒక ఋతువుంది, ఒక పండుగ ఉంది, పోసేవాడి చేయి ఒకటి ఉంది. బెల్టుషాపు క్వార్టరు సీసాకు ఇవేవీ లేవు. రాత్రి పన్నెండింటికి అరువు మీద కూడా దొరుకుతుంది. ఈ రెంటినీ కలిపి సంస్కృతి అని ముడివేయడం అబ్కారీకి ఉపకారం చేయడమే. అన్నట్టు, అదే ఇప్పపువ్వుతో ఉట్నూరు ఆదివాసీ మహిళలు లడ్డూలు కట్టి పేరు తెచ్చుకున్నారు. పువ్వులో దోషమేమీ లేదు.

మరొక మిత్రుడు రెండో వైపు నుంచి వస్తాడు: "అసలు మొత్తం నిషేధించాలి." ఈ కోరిక వెనుక ఉన్న ఆడవాళ్ళ కన్నీటి ముందు నేను తలవంచుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన మహిళలు సారాను 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా రద్దు చేయించారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో పోయింది. ఆ ఉద్యమం గొప్పదనాన్ని ఎవరూ తగ్గించలేరు. కాని వచ్చినప్పుడూ పోయినప్పుడూ కూడా, అప్పటికే వ్యసనపరుడైన మనిషికి ఏమి చేయాలన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మనం రెండుసార్లు కళ్ళారా చూశాం. 2015 సెప్టెంబరులో కల్తీకల్లు మీద ప్రభుత్వం విరుచుకుపడింది. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలామ్ కలుపుతారు. అలవాటుపడిన ఒంటికి అవి ఒక్కసారిగా అందకపోయేసరికి నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చిపడ్డారు, చనిపోయినవారూ ఉన్నారు. రెండోసారి 2020 మార్చి లాక్‌డౌన్. దుకాణాలు రాత్రికి రాత్రి మూతపడగా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కిటకిటలాడింది. మా నాయకపోడు మనిషి మాల వేసుకుని ఒంటరిగా అనుభవించినదాన్నే రాష్ట్రం మొత్తం మీద ప్రయోగించి చూసినట్టయింది. తరువాతైనా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీనికి ఒక పద్ధతి ఏర్పడవలసింది. నాకు తెలిసిన చోట్ల ఏర్పడలేదు. కల్లులో ఆ కల్తీ కూడా ఆగలేదు, 2025 జూలైలో కూకట్‌పల్లిలో మళ్ళీ ప్రాణాలు తీసింది.

రాజ్యాంగం 47వ అధికరణాన్ని మద్యనిషేధవాదులు తరచు ఉదహరిస్తారు. నాకొక విన్నపం, దాన్ని మొదటినుంచి చదవండి. ప్రజల పోషణ స్థాయినీ జీవన స్థాయినీ పెంచడం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధులన్నది అందులో ముందున్న మాట. నిషేధం దాని వెంట వచ్చేది. మనం తోకను పట్టుకుని డెబ్భై ఏళ్ళు వాదించుకున్నాం.

సరే, ఉపకేంద్రంలో మాట్లాడితే తాగుడు తగ్గుతుందా అని అడిగేవారికి గోవా సంగతి చెప్పాలి. అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, అపాయకరంగా తాగే మగవారికి, మానసిక వైద్యంలో ఏ పట్టాలూ లేని స్థానికులకు తర్ఫీదునిచ్చి, వారిచేత నాలుగు విడతలకు మించకుండా మాట్లాడించారు. ఉపన్యాసం దంచడం కాదు, ఎందుకు తాగుతున్నావు, తగ్గిస్తే ఏమి దక్కుతుంది, కోరిక పుట్టినప్పుడు ఏమి చేయగలవు అని కలిసి ఆలోచించడం. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది: మూడు నెలల తరువాత ప్రమాదపు హద్దు దాటి బయటపడినవారు ఈ మాటల సాయం పొందినవారిలో నూటికి 36, పొందనివారిలో 26. అద్భుతమేమీ కాదు. నూటికి పదిమంది. పైగా అది ఇంకా పూర్తిగా బానిసలు కానివారి సంగతి. వణుకు దాకా వచ్చినవారికి మాటలు చాలవు, మందు కావాలి, వైద్యుడు కావాలి. అయినా గోడమీద పొడి అమ్మేవాడు నూటికి నూరు గ్యారంటీ ఇస్తాడు. నూటికి పది అని నిజం చెప్పేవారి మీద నాకు గురి ఎక్కువ.

మన ఇరుగునే గడ్చిరోలి ఉంది. మన గోండుల చుట్టపక్కాలే అక్కడ ఉన్నారు, సిరొంచ వైపు తెలుగూ వినబడుతుంది. 1993 నుంచి ఆ జిల్లాలో మద్యనిషేధం. చట్టం ఒక్కటే చాలదని తేలినందువల్లనే కదా, అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ ప్రభుత్వంతోనూ టాటా ట్రస్టులతోనూ కలిసి 2016లో ముక్తిపథ్ మొదలుపెట్టింది? ఊరూరా కమిటీలు వేసుకుని అమ్మకాన్ని ఊరే కట్టడి చేయడం ఒక వైపు, తాగేవారికి దగ్గరలో చికిత్స మరొక వైపు.

ఊరే కట్టడి చేయడం అన్న మాట ముఖ్యం. 2007లో ఆస్ట్రేలియాలో రెండు సంగతులు జరిగాయి. ఉత్తర ప్రాంతంలో ఆదివాసీ గూడేల మీదికి కేంద్ర ప్రభుత్వం సైన్యంతో సహా దిగి, జాతివివక్ష నిరోధక చట్టాన్ని పక్కనపెట్టి మరీ మద్యాన్ని నిషేధించింది. అదే ఏడు పశ్చిమాన ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అనే చిన్న ఊళ్ళో, వరుస చావులు చూసి విసిగిన ఆదివాసీ స్త్రీలే ముందుకు వచ్చి, గాఢమైన మద్యాన్ని ఇళ్ళకు అమ్మకుండా ఆంక్ష పెట్టించుకున్నారు. మొదటిది ఇప్పటికీ అవమానంగా మిగిలింది, రెండోదాన్ని వాళ్ళు తమదిగా చెప్పుకుంటారు. ఆ దేశంలో ఆదివాసులే నడుపుకునే ఆరోగ్య కేంద్రాలు 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో మొదలై ఊళ్ళూళ్ళకు పాకాయి. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే భాషవాళ్ళయితే పది ప్రశ్నలకూ నిజమైన జవాబులు వస్తాయి. ఇక్కడ గోండీ, కొలామీ తెలిసిన కౌన్సిలరు ఎన్ని కేంద్రాలలో ఉన్నాడు?

మనకూ చట్టం లేకపోలేదు. 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తుపదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు దఖలుపరచాలంటుంది. ఆదివాసీ ప్రాంతాలలో మద్యం వ్యాపారాన్ని ఆపివేయాలని కేంద్రం 1970లలోనే రాష్ట్రాలకు సూచించింది. కాని గోదావరి దాటి ఇవతలికి వస్తే పాత కరీంనగర్ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. మా నాయకపోడులు ఆ తీరాన లక్ష్మీదేవరను కొలిస్తే వారి గ్రామసభకు అధికారం ఉండవచ్చు, ఈ తీరాన కొలిస్తే లేదు. దుకాణం మాత్రం రెండు తీరాలా ఉంది.

అందుచేత నేను కోరేది పెద్ద విషయం కాదు, ఇచ్చే ఉద్దేశం ఉంటే. ఆ ఒక్క మార్కు ప్రశ్నకు వెనుక పది ప్రశ్నలు చేర్చండి. పల్లె దవాఖానాలో ఉన్న నర్సుకూ, వైద్యుడికీ మద్యం మానేవాడి వణుకును పోల్చుకోవడం నేర్పి, థయమిన్, డయాజిపామ్ అందుబాటులో ఉంచండి. ఎవరిని అక్కడే చూడవచ్చో, ఎవరిని ఆలస్యం చేయకుండా జగిత్యాలకో కరీంనగరుకో పంపాలో వ్రాసి గోడకు అంటించండి. టీబీ మందులు ఇచ్చేటప్పుడు తాగుడు సంగతి తిట్టకుండా అడగండి, ఎందుకంటే మందులు మధ్యలో ఆపేవారిలో చాలామందికి అదే కారణం. మాట్లాడే పనికి ఆ గూడెం పిల్లలనే తీసుకుని జీతం ఇవ్వండి. మాల వేసే గురుస్వాములకు కూడా ఒక్క ముక్క చెప్పండి: పొద్దున్నే వణికే భక్తుణ్ణి ముందు డాక్టరుకు చూపించి, తరువాత దీక్ష ఇవ్వమని. అంజన్న కోపగించుకోడు. సంజీవని తెచ్చినవాడాయన.

పీహెచ్‌సీ వైద్యులకు తీరిక ఎక్కడుందని మా వైద్య మిత్రుడే నాతో వాదించాడు. రోజుకు వందమంది, సమీక్షా సమావేశాలు, ఆన్‌లైన్ నమోదులు. నిజమే కావచ్చు. ఆయన తీరిక లేనితనానికి జవాబు ఇంకొక మనిషిని నియమించడం. తొంభై అయిదు వేల దరఖాస్తులను పరిశీలించి, చీటీలు తీయించడానికి మనుషులు దొరికారు కదా.

పోయిన నెల అతని తమ్ముడు వచ్చాడు. అతని చేతులు కూడా వణుకుతున్నాయి. "సారూ, పెద్ద జయంతికి నేను సుత మాల ఏస్కుంట" అన్నాడు. ఈసారి నేను బట్టలు కొనలేదు. ఒక్కసారిగా ఆపవద్దు, ముందు డాక్టరు దగ్గరికి పోదామన్నాను. "ఏ డాక్టరు సారూ?" అన్నాడు. జగిత్యాల అన్నాను. పోనూ రానూ ఒక దినం కూలి పోతుంది, వాళ్ళు మళ్ళీ రమ్మంటే ఇంకో దినం పోతుందని లెక్క చెప్పాడు. ఆ కూలి నేనిస్తానన్నాను. సోమవారం పొద్దున్నే బస్టాండుకు రమ్మన్నాను. పొద్దున తాగకుండా రావాలా, తాగి రావాలా అని అడిగాడు. నాకు తెలియలేదు. మిత్రుడికి ఫోను చేసి కనుక్కుని చెబుతానన్నాను.